ఆకుపచ్చ తీగ ఎర్తు కాదు

గోదావరిఖని లక్ష్మీనగర్‌లో యమున దుకాణానికి వెళ్లినవాళ్లు గడప పక్కన ఒక పాత కంప్యూటర్ డబ్బాను చూసే ఉంటారు. దాని ముందు భాగం మీద సగం చిరిగిన స్టిక్కరు ఉంటుంది. మొదటి అక్షరం ఊడిపోయి ‘మున కంప్యూటర్స్’ అని మిగిలింది. కొత్తవాళ్లు చూసి నవ్వుతారు. సొంత పేరే సరిగ్గా అంటించుకోలేని మనిషి మన డబ్బాను ఏం బాగుచేస్తుందని అనుకుంటారు. పాతవాళ్లు తలా ఒక కథ చెప్తారు. తండ్రి కాల్చేస్తే కూతురు దాచిందని ఒకరు, కూతురు కాల్చి తండ్రి నెత్తిన వేసిందని ఇంకొకరు. చెప్పేవాళ్లలో ఒక్కరు కూడా ఆ రోజు ఆ గదిలో లేరు. నేను ఉన్నాను. అందుకే రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతే గాని, కళ్లతో చూసింది రాయడానికి ఆ మూడూ చాలు.

యమున మా పక్క క్వార్టర్ గట్టయ్య కూతురు. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో ఆ ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ. గట్టయ్య బొగ్గు బాయిలో ఎలక్ట్రీషియన్‌గా ముప్పై ఏళ్లు చేశాడు. బాయి అంటే మా వైపు గని, ఇంక్లైన్ అంటే ఏటవాలు దారిలో దిగే గని. మనిషి మంచివాడే, మొండితనం మాత్రం మూడు ఇళ్లకు పంచినా మిగులుతుంది. లోపల ఏ యంత్రం ఆగినా ముందు పచ్చ తీగ చూసేవాడు. పచ్చ తీగ అంటే ఎర్తు. కరెంటు దారి తప్పితే దాన్ని భూమిలోకి లాగి మనిషిని బతికించే తీగ. ఒకసారి అది ఊడి ఉంటే స్విచ్చు వేయనని కూర్చున్నాడు. బొగ్గు ఆగిపోయింది, పైఅధికారి వచ్చి అరిచాడు. గట్టయ్య లేవలేదు.

“నువ్వు ఒక్కపారి ముట్టుకో సార్,” అన్నాడట. “నువ్వు మంచిగుంటె అప్పుడు ఏస్త.”

అధికారి ముట్టుకోలేదు. పచ్చ తీగ బిగించాకే యంత్రం తిరిగింది. ఈ ముచ్చట గట్టయ్య పెళ్లిళ్లలోనూ చావుల్లోనూ చెప్పగా చెప్పగా కాలనీ మొత్తానికి కంఠతా వచ్చింది.

నేను అదే బాయి మీద లాంప్ రూంలో పనిచేశాను. నా పెనిమిటి పోయాక ఆయన బదులు నాకిచ్చిన ఉద్యోగం. దిగే ప్రతి మనిషి నా కిటికీ దగ్గరికి వచ్చి తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఇచ్చి, టోపీకి పెట్టుకునే లైటు తీసుకుపోతాడు. ఆ బిళ్ళను నేను అదే నంబరు కొక్కేనికి తగిలిస్తాను. పైకి వచ్చి లైటు అప్పజెప్తే బిళ్ళ తిరిగి ఇస్తాను. అంటే బిళ్ళ వేలాడుతుంటే మనిషి లోపల ఉన్నాడు, కొక్కెం ఖాళీగా ఉంటే పైన ఉన్నాడు. లోపల ఏమన్నా అయితే ఎవరెవరిని వెతకాలో ఆ పలకను చూసే చెప్తారు.

యమునకు తొమ్మిదేళ్లప్పుడు తండ్రికి సద్ది తెచ్చి, ఆయన వచ్చేదాకా నా కిటికీ దగ్గర నిలబడి ఆ పలకను చూసేది. ఒక రోజు అంది:

“పెద్దమ్మ, గా కొక్కానికి రెండు బిళ్ళలున్నయి.”

“ఏ కొక్కానికే?”

“రెండొందల పద్నాలుగుకు. దాని పక్కన పదిహేను ఖాళీగున్నది.”

లేచి చూశాను. నిజమే. రెండొందల పదిహేను సదయ్య అనే మనిషిది. సదయ్య లోపల పనిలో ఉన్నాడు, నా పలక మాత్రం ఇంట్లో అన్నం తింటున్నాడని చెప్తోంది. ఆ రోజు కప్పు కూలి ఉంటే సదయ్యను ఎవరూ వెతికేవాళ్లు కాదు. తగిలించిన చెయ్యి నాదే. నా తప్పును ఒక చిన్నపిల్ల చూపించినందుకు నాకు కోపం వచ్చింది, ఎందుకు దాచాలి. “నీకెందుకే, పో” అన్నాను. అది పోలేదు. నేను బిళ్ళ మార్చేదాకా నిలబడి చూసి, అప్పుడు పోయింది.

మర్నాటి నుంచి నేను పద్ధతి పెట్టాను. బిళ్ళ మీది నంబరు నేను గట్టిగా పిలుస్తాను. అవతలి మనిషి తన లైటు మీది నంబరు చదివి బదులు చెప్పాలి. రెండూ కలిస్తేనే బిళ్ళ కొక్కేనికి పోతుంది. “రోజు గదే నంబరు గదా అక్కా, నన్ను ఎరుగవా?” అని మగవాళ్లు విసుక్కునేవాళ్లు. “ఎరుగుదును. నంబరు చెప్పు,” అనేదాన్ని. నేను ఉద్యోగం దిగిపోయేదాకా అదే పద్ధతి నడిచింది.

యమున పది పాసై ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివింది. తర్వాత కరీంనగర్‌లో కంప్యూటర్ డబ్బాలు జోడించే పని నేర్చుకుంది. ఆ తరగతిలో అందరూ మగపిల్లలే, ఇది ఒక్కతి. రెండువేల నాలుగులో లక్ష్మీనగర్‌లో చిన్న దుకాణం తెరిచింది. ఆడపిల్ల చేత డబ్బా విప్పించుకోవడానికి మొదట్లో జనం వెనకాడారు. ఒకాయన వచ్చి, “మెకానిక్ లేడామ్మా?” అని అడిగాడు. “ఉన్నది, చెప్పుండ్రి,” అంది. ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, వేరే దారి లేక చెప్పాడు.

అప్పటికి నేను ఉద్యోగం దిగిపోయాను. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చునే రకాన్ని కాను. పొద్దున్నే పోయి దాని దుకాణంలో కూర్చునేదాన్ని. గట్టయ్య కూడా ముందే ఉద్యోగం వదిలి ఇంటికొచ్చాడు. ఆయనా అక్కడే కూర్చునేవాడు. ఇద్దరు ముసలివాళ్లు, ఒక పిల్ల, నలభై స్క్రూడ్రైవర్లు.

ఇక్కడ తీగల సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. కంప్యూటర్ డబ్బా ముందు వైపు పెన్ డ్రైవ్ దూర్చే రెండు రంధ్రాలు ఉంటాయి. వాటి నుంచి సన్నని తీగలు లోపలికి వేలాడతాయి, రంధ్రానికి నాలుగు చొప్పున. ఇప్పటి డబ్బాల్లో అవన్నీ ఒకే తలలో బిగించి వస్తున్నాయి. అప్పట్లో చాలా డబ్బాల్లో దేని తల దానిదే. ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా మదర్‌బోర్డు మీద సూదుల్లాంటి పిన్నులకు తొడగాలి. ఆ పిన్నులకు చోట్లు పది. రెండు వరుసలు, వరుసకు ఐదు. పదింటిలో ఒక మూల పిన్ను ఉండదు.

“చూడు పెద్దమ్మ,” అని యమున నాకు చూపించింది. “ఒక కొక్కెం కావాలనే పీకేసిన్రు. గదే గుర్తు. ఖాళీ ఏ కొసకున్నదో చూసి దాని ఎదురు కొస నుంచి మొదలుపెట్టాలె.”

ఆ కొస నుంచి ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నలుపు. రెండో వరుసలోనూ అంతే. ఎరుపు కరెంటు తెస్తుంది, నలుపు తిరిగి తీసుకుపోతుంది, నడిమి రెండూ మనం దాచుకున్న అక్షరాలను మోస్తాయి. డబ్బాను ఆన్ చేసే స్విచ్చు తీగలు అటుదిటు పెట్టినా ఏమీ కాదు. చిన్న దీపం తీగలు తిరగబడితే దీపం వెలగదు, అంతే. ఈ ఎనిమిదింటితో మాత్రం పరాచకాలు పనికిరావు. ఒకటి తప్పితే పెట్టిన వస్తువూ పోవచ్చు, బోర్డూ పోవచ్చు. పైగా రంగును నమ్మి పెట్టకూడదట. ఒక్కో తయారీవాడు ఒక్కో రంగు వేస్తాడట. తీగ తల మీద రాసింది చదవాలి, బోర్డుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ చూడాలి.

నాకు ఇంగ్లీషు రాదు. యమున నాకు నాలుగు గుర్తులు నేర్పింది. వీ అంటే కరెంటు, డీ పక్కన అడ్డగీత, డీ పక్కన కూడిక గుర్తు, జీ అంటే తిరుగుదారి. నేను పుస్తకంలో బొమ్మ చూసి పిలుస్తాను, అది తీగ తల చదివి బదులు చెప్పి తొడుగుతుంది. లాంప్ రూం పద్ధతే. అట్లా కట్టిన ఏ డబ్బా మళ్లీ మా దుకాణం గడప తొక్కలేదు.

రెండువేల ఆరు ఎండాకాలంలో సెంటినరీ కాలనీలో కంప్యూటర్ నేర్పే కేంద్రం ఒకటి పెడుతున్నారు. పెట్టేది మంథని మనిషి, విజయేంద్ర. వాళ్ల తాతల నుంచీ పంతుళ్లే. పన్నెండు కంప్యూటర్లు కట్టే పని యమునకు ఇచ్చాడు. దానికి అంతకుముందు ఒక్కసారిగా మూడు కూడా రాలేదు. ప్రతి డబ్బా మీద ‘యమున కంప్యూటర్స్’ అని స్టిక్కరు కొట్టించింది. గోదావరిఖనిలో అచ్చయిన ఆడపేరు అంతకుముందు నేను చూసింది పెండ్లి పత్రికల మీదే.

ఏడు డబ్బాలు అది తొడిగింది, నేను పిలిచాను. ఎనిమిదో దాని దగ్గర గట్టయ్య లేచాడు.

“ఇగ తక్కినయి నేను చేస్త బిడ్డా. నీ వయసు కంటె ఎక్కువ ఏండ్లు తీగలు కట్టిన.”

“సరే బాపు. పెద్దమ్మ పిలుస్తది, నువ్వు బదులు చెప్పు.”

“అక్క పిలుసుడేంది, నేను పాఠం అప్పజెప్పుడేంది?” అన్నాడు. “బాయిల నాలుగు వందల మంది పానం నా తీగల మీద నడిచింది. గీ అగ్గిపెట్టె తీగలకు నాకు సాక్షి కావాల్నా?”

యమున నా వైపు చూసింది. నేను నోరు తెరవబోయాను. అది వద్దని కళ్లతోనే చెప్పింది. ముప్పై ఏళ్లు చేసిన తండ్రిని పక్కన నిలబెట్టి నీ పని చూస్తానని ఏ కూతురు అంటుంది? గట్టయ్య జేబులో కళ్లద్దాలు ఉంటాయి, ముఖానికి మాత్రం ఎక్కవు. ఆ ఐదూ ఆయనే కట్టాడు. అది మూతలు బిగించింది. ఆన్ అయ్యాయి, తెరలు వెలిగాయి, తీసుకుపోయి పెట్టి వచ్చాం. పెన్ డ్రైవ్ పెట్టి చూడలేదు.

వారం తిరగకుండా విజయేంద్ర ఫోన్ చేశాడు. ముందు రంధ్రాల్లో పెట్టిన రెండు పెన్ డ్రైవ్‌లు వేడెక్కి చచ్చిపోయాయట. కరీంనగర్ నుంచి మనిషిని పిలిపించాడట, మధ్యాహ్నం బస్సుకు వస్తాడట. “మీరు రానక్కర్లేదమ్మాయ్. మీ స్టిక్కర్లు మాత్రం తీసేస్తాను. రేపు పిల్లలు చేరుతున్నారు, తల్లిదండ్రులు వస్తారు,” అన్నాడు.

యమున ఫోన్ పెట్టేసి, సంచిలో స్క్రూడ్రైవర్లూ మీటరూ వేసుకుంది.

“రావద్దన్నడు గదనే,” అన్నాను.

“ఆయన వద్దన్నది నన్ను. పేరు నాది. నా పేరు పీకుతుంటె నేను ఇంట్ల కూసోవాల్నా?”

పదకొండు గంటల బస్సుకు ముగ్గురం పోయాం. నన్నెందుకు తీసుకుపోయిందో గట్టయ్య అడిగాడు. “నేను పని చేస్తుంటె ఎవరన్న మాట్లాడాలె గద,” అంది.

మేము వెళ్లేసరికి ఆ గదిలో విజయేంద్ర ఎనిమిదో డబ్బా ముందు వంగి గోటితో స్టిక్కరు గీకుతున్నాడు. ఒక అక్షరం అప్పటికే ఊడింది. గుమ్మం దగ్గర చేరడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు పిల్లల తండ్రులు నిలబడి చూస్తున్నారు.

“చెయ్యి తియ్యండి సార్,” అంది యమున.

ఆయన లేచి నిలబడ్డాడు. “అమ్మాయ్, నేను రావద్దని చెప్పాను.”

“విన్న. ఏ నంబరువి చెడిపోయినయి?”

“ఒకటి ఎనిమిది, ఒకటి పదకొండు. మిగతావి నేను ముట్టుకోలేదు. నా ప్రశ్నాపత్రాలు ఉన్నవి పోయాయి. చూడమ్మా, నేను నిన్ను తప్పుపట్టడం లేదు. ఇది సున్నితమైన పని. కొందరికి చేతనవుతుంది, కొందరికి కాదు.”

“కొందరంటె ఎవరు సారూ?” అన్నాను. “పేర్లు చెప్పుండ్రి, రాసుకుంటం.”

ఎనిమిది, పదకొండు అనగానే యమున ముఖం మారింది. ఆ ఐదూ ఎవరు కట్టారో దానికి తెలుసు, నాకు తెలుసు. గట్టయ్యకూ తెలుసు, కాని ఆయనకు తన చేతిలో తప్పు ఉండగలదన్న ఆలోచనే లేదు.

“ఇవి ఎవరు కట్టారు?” అని అడిగాడు విజయేంద్ర.

“నా దుకాణం కట్టింది,” అంది యమున. “కరీంనగర్ మనిషి వచ్చినంక ఆయన విప్పచ్చు. ముందుగాల నేను విప్పుత, మీ అందరి ముందట. తప్పుంటె స్టిక్కర్లు నేనే పీకి తీస్కపోత. అప్పటిదాక ఎవ్వరు ముట్టొద్దు.”

గుమ్మం దగ్గరి తండ్రుల్లో ఒకాయన, “విప్పనీయుండ్రి సార్, మేము గూడ చూస్తం,” అన్నాడు. విజయేంద్ర గడియారం చూసుకుని కుర్చీలో కూర్చున్నాడు.

యమున ముందు గోడలోంచి ప్లగ్గు పీకింది. లోపల మిగిలిన కరెంటు పోవడానికి డబ్బా స్విచ్చు ఒకసారి నొక్కింది. ఒంటి మీది కరెంటు బోర్డుకు తగలకుండా డబ్బా ఇనుమును చేత్తో పట్టుకుంది. అప్పుడు మూత తీసింది. గట్టయ్య పక్క నుంచి తొంగి చూశాడు.

“సక్కగనే ఉన్నది గద,” అన్నాడు. “పచ్చది ఎర్తుకే ఉన్నది.”

యమున వంగి తీగలను వరుసగా చూసింది. తెల్లటి తీగ తర్వాత ఆకుపచ్చ ఉండాల్సిన చోట నలుపు ఉంది. చివర నలుపు ఉండాల్సిన చోట ఆకుపచ్చ ఉంది. రెండు వరుసల్లోనూ అట్లాగే, ఎంతో శ్రద్ధగా, ఒక్క తీగ కూడా వంకర లేకుండా.

“బాపు, దీంట్ల పచ్చది ఎర్తు గాదు.”

“ఏమంటున్నవు?”

“దీంట్ల పచ్చది అక్షరాలు మోసే తీగ. తిరుగుదారి నల్లది.”

“ముప్పై ఏండ్లల్ల నల్లది ఎర్తు అన్నోన్ని నేను చూడలే,” అన్నాడు గట్టయ్య. గొంతు పెరిగింది. “పచ్చది ఎర్తు గాకపోతె నేను పైకి వచ్చేటోన్నా? నువ్వు పుట్టేదానివా?”

విజయేంద్ర కుర్చీలోంచే నవ్వాడు. “ఓహో. అంటే మీ నాన్నగారి చేత చేయించావన్నమాట. బాయిలో మోటార్లు కట్టడం వేరు, ఇది వేరు పెద్దాయనా.”

“సారూ,” అన్నాను నేను. “మీ ఇంట్ల లైటు వెలుగుతున్నదంటె గా బాయి మోటార్లు కట్టినోల్ల బొగ్గుతోనే. నవ్వేది ఉంటె లైటు బందు చేస్కొని చీకట్ల నవ్వుకోండి.”

గుమ్మం దగ్గర ఎవరో దగ్గినట్టు నవ్వారు. గట్టయ్య మాత్రం నవ్వలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి గుమ్మం దాకా పోయాడు. వెళ్లిపోతాడనే అనుకున్నాను. వెళ్లిపోయి ఉంటే ఆ తండ్రీకూతుళ్ల మధ్య ఒక గోడ లేచేది, ఆ దుకాణమూ మూతపడేది. గడప మీద ఆగాడు. జేబులోంచి కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. తిరిగి వచ్చి డబ్బా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నల్ల తీగ తలను రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకు తిప్పాడు.

“జీ,” అన్నాడు. ఇంకొంచెం తిప్పాడు. “ఎన్. డీ.”

బాయి స్విచ్చుల మీద ఎర్తు పక్కన ఆ మూడు అక్షరాలు ముప్పై ఏళ్లు చూసిన మనిషి. ఆకుపచ్చ తీగ తల చూశాడు. డీ, పక్కన కూడిక గుర్తు.

“రాసే ఉన్నది,” అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. తర్వాత లేచి విజయేంద్ర వైపు తిరిగాడు. “సార్, గీ ఐదు నా చెయ్యి. నా బిడ్డ చెయ్యి గాదు. అది కట్టిన ఏడు నువ్వు ఎన్నేండ్లయిన వాడుకో.”

“చెయ్యి నీదే బాపు,” అంది యమున. “చూడకుండ మూత పెట్టింది నేను. నిన్ను నంబరు అడుగుడు తప్పనుకున్న. గది నా తప్పు.”

విజయేంద్ర లేచాడు. “సరే, తప్పు ఒప్పుకున్నారు, సంతోషం. తప్పుంటే స్టిక్కర్లు తీస్తానని నువ్వే అన్నావు కదా.”

“అన్న. తీస్త. కరీంనగర్ బస్సు ఎన్నింటికి?”

“రెండింటికి.”

“గప్పటిదాక పన్నెండు సరిచేసి ఇస్త. గప్పుడు ఒక్క తీగ తప్పు తేలినా అన్ని పీకుత. తేలకపోతె మీరు గోటితోని గీకింది గూడ గట్లనే ఉంటది.”

“పన్నెండెందుకు? ఐదే కదా.”

“నేను కట్టినయి గూడ చూస్త,” అంది. “బాపును అడగంది నన్ను నేను ఎట్ల అడగకుండ ఉంట?”

పుస్తకం తీసి తండ్రి చేతికి ఇచ్చింది. నా చేతికి కాదు. నాకు కాస్త గుచ్చుకుంది, అయినా నోరు మూసుకున్నాను. అట్లాంటి సందర్భాలు నా జీవితంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

గట్టయ్య చదవడం మొదలుపెట్టాడు. “ఖాళీ ఎటున్నది?”

“కుడికి, కింద.”

“ఎడమ కొస. వీ.”

“వీ. ఎరుపు.”

“డీ గీత.”

“డీ గీత. తెలుపు.”

“డీ ప్లస్సు.”

“డీ ప్లస్సు. పచ్చ.”

ఇక్కడ గట్టయ్య ఒక్క క్షణం ఆగాడు. నేను చూశాను. కళ్లద్దాలు సర్దుకుని బొమ్మ మీద వేలు పెట్టాడు.

“జీ ఎన్ డీ.”

“జీ ఎన్ డీ. నలుపు.”

రెండు వరుసలు, పన్నెండు డబ్బాలు. గుమ్మం దగ్గరి తండ్రులు మొదట నిలబడి చూశారు, తర్వాత లోపలికి వచ్చి కూర్చున్నారు. సగం అయ్యేసరికి అందులో ఒకాయన, ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ లారీ నడిపే మనిషి, గట్టయ్య కంటే ముందే “డీ ప్లస్సు” అనేస్తున్నాడు. “నువ్వు ఊకో అన్నా, ఆయన పిలవాలె,” అన్నాను. ఊరుకున్నాడు.

తీగలు అయ్యాక అది ఏ వస్తువూ పెట్టలేదు. ప్లగ్గు పెట్టి, ఒక్కో రంధ్రానికీ మీటరు పట్టింది. ముల్లు ఐదు దగ్గర నిలబడాలి. నిలబడింది. తర్వాత దుకాణంలోంచి తెచ్చిన పాత మౌస్ పెట్టింది, పోతే అదే పోతుందని. దాని కింద ఎర్ర దీపం వెలిగి, తెర మీద బాణం కదిలితే ఆ డబ్బా బతికినట్టు. ఎనిమిది బతికింది. తొమ్మిది, పది బతికాయి. పదకొండులో దీపం వెలిగింది గాని బాణం కదలలేదు. రెండో రంధ్రంలో పెట్టింది. కదలలేదు.

“దీని పిన్నులు కాలినయి,” అంది, దాచకుండా. ఆ తీగలు పీకి చుట్ట చుట్టి పక్కకు కట్టేసింది. ‘ముందు పెట్టవద్దు’ అని కాగితం మీద రాసి రంధ్రాల మీద అంటించింది. “గురువారం బోర్డు మారుస్త సార్. పోయిన రెండు పెన్ డ్రైవ్‌లు గూడ తెచ్చిస్త. గప్పటిదాక ఇది వెనుక నుంచి వాడుకోవచ్చు.”

పన్నెండు డబ్బాలూ అయ్యాయి. రెండింటికి ఇంకా పావుగంట ఉంది. “ఇగ మీ పెన్ డ్రైవ్ పెట్టి చూసుకోండి సార్,” అంది.

విజయేంద్ర జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. అందులో ఇంకొకటి ఉందని అందరికీ కనిపిస్తోంది. చెయ్యి అక్కడే ఉండిపోయింది. “ఇప్పటికే రెండు పోయాయమ్మా. ముందు మీది పెట్టండి.”

గట్టయ్య తల ఎత్తాడు. తన పాత ముచ్చట ఇంకొకరి నోట తనకే తిరిగి వస్తుందని అనుకోలేదు కాబోలు. “ఆయన అన్నది నాయమే బిడ్డా,” అన్నాడు మెల్లగా. “కట్టినోల్లే ముట్టుకోవాలె.”

యమున మెడలో నల్లదారానికి ఒక పెన్ డ్రైవ్ ఉండేది. కంప్యూటర్లను మళ్లీ బతికించే సరంజామా అంతా రెండేళ్లు కూడబెట్టి అందులో పెట్టుకుంది. ఆ రోజుల్లో ఇంకొకటి దాని దగ్గర లేదు. అది చస్తే దుకాణం షట్టర్ తీసినా లాభం లేదు. దారం తల మీదుగా తీసింది. ఎనిమిదో డబ్బా ముందు కూర్చుని, చిరిగిన స్టిక్కరు కిందున్న రంధ్రంలో దూర్చింది.

తెర మూలన చిన్న మాట ఒకటి లేచింది. యమున దాన్ని తెరిచింది. లోపలివన్నీ వరుసగా కనిపించాయి. వేలితో పెన్ డ్రైవ్‌ను ముట్టుకుని చూసి, “సల్లగున్నది,” అంది. తీసి రెండో రంధ్రంలో పెట్టింది. తర్వాత తొమ్మిది, పది, పన్నెండు. తర్వాత ఒకటి నుంచి ఏడు. పదకొండును వదిలి అన్నింటిలోనూ పెట్టింది, ఒక్కటీ విడవలేదు. విజయేంద్ర మూడింటి తర్వాతే చాలన్నాడు. అది వినిపించుకోలేదు.

అంతా అయ్యాక ఆయన కొంచెం ఇబ్బందిగా, “ఆ స్టిక్కరు పాడైంది. ఇంకొకటి ఉంటే అంటించు,” అన్నాడు.

సంచిలో ఇంకా కట్ట ఉంది, నేనే పెట్టాను. యమున తీయలేదు.

“గట్లనే ఉండనీయండి సార్,” అంది. “గీకింది మీరు, ఎందుకు గీకిన్రో మీకు యాదికుండాలె. ఎందుకు పీకనిచ్చిననో నాకు యాదికుండాలె.”

కరీంనగర్ మనిషికి విజయేంద్ర రావద్దని ఫోన్ చేశాడో, బస్సు తప్పిందో నేను అడగలేదు. గురువారం బోర్డు మారింది, రెండు కొత్త పెన్ డ్రైవ్‌లు ఆయనకు ముట్టాయి. డంపర్ నడిపే ఆయన కూతురు ఆ కేంద్రంలో చేరింది, మరుసటి ఏడు ఆయనే మాకు రెండు ఇళ్ల పని తెచ్చాడు.

ఏడేళ్లకు ఆ కేంద్రంవాళ్లు కొత్తవి తెచ్చుకుని పాతవి తూకానికి వేస్తుంటే యమున పోయి ఎనిమిదో డబ్బా తెచ్చుకుంది. లోపల ఏమీ లేదు, ఉత్త రేకు. దాన్నే గడప పక్కన పెట్టింది. రాష్ట్రం వచ్చిన జూన్‌లో బజారంతా రంగులు వేస్తుంటే పెయింటర్ మా దుకాణం బోర్డు మీద ‘ఆం.ప్ర.’ చెరిపి ‘తెలంగాణ’ అని రాశాడు. నిచ్చెన దిగి డబ్బా చూసి, “దీని మీద గా ‘య’ గూడ రాసియ్యాల్నా అక్కా?” అని అడిగాడు.

“దాన్ని ముట్టకు,” అంది యమున. అది లోపల ఎవరిదో కంప్యూటర్ విప్పుకుని కూర్చుంది. ఎదురుగా కళ్లద్దాలు పెట్టుకుని, పుస్తకం మోకాళ్ల మీద పరుచుకుని గట్టయ్య.

“ఆగినవేంది బిడ్డా,” అన్నాడు. “జీ ఎన్ డీ అంటున్న. బదులు చెప్పు.”